ఒకే శిలువ – నలుగురు రచయితలు

క్రిస్మస్ రోజుల్లో చర్చి ముంగిట్లో కట్టే పశువులపాకను మనలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో పసిబిడ్డ, పక్కన తల్లీ తండ్రీ, ఒకవైపు గొర్రెల కాపరులు, మరోవైపు ఒంటెల మీంచి దిగిన ముగ్గురు జ్ఞానులు, పైన కాగితపు నక్షత్రం. ఈ దృశ్యం ఏ సువార్తలోనూ లేదు. గొర్రెల కాపరులు లూకావాళ్లు. జ్ఞానులూ నక్షత్రమూ మత్తయివి. లూకాలో నక్షత్రం లేదు. మత్తయిలో తొట్టి లేదు, అక్కడ జ్ఞానులు వచ్చేది ఒక ఇంటికి. వాళ్లు ముగ్గురని కూడా మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు గనుక మనుషులూ ముగ్గురయ్యారు. మార్కు పుట్టుక ఊసే ఎత్తడు. యోహాను సృష్టికి ముందునుంచి మొదలుపెట్టి పశువులపాక వైపు చూడకుండానే సాగిపోతాడు.

భక్తులకు ఆ బొమ్మ చాలు. దానితో నాకు తగాదా లేదు. కాని సాహిత్యం చదువుకునే విద్యార్థి ఆ పాక ముందు నిలబడి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒకే పుట్టుకను చెప్పబూనిన ఇద్దరిలో ఒకరికి రాజూ, రాజు భయమూ, తూర్పుదేశపు పండితులూ, పసిపిల్లల ఊచకోతా ఎందుకు కావలసివచ్చాయి? మరొకరికి చక్రవర్తి వేయించిన జనాభా లెక్కా, సత్రంలో దొరకని చోటూ, రాత్రి మందను కాసుకుంటున్న కూలిజనమూ ఎందుకు కావలసివచ్చాయి? అసలు రాజు ఎవరన్నది మత్తయి ప్రశ్న. ఈ కబురు ముందు ఎవరి చెవిన పడిందన్నది లూకా ప్రశ్న. ఇద్దరినీ ఒకే పాకలోకి తోసేసరికి రెండు ప్రశ్నలూ మాయమై ఒక అందమైన పటం మిగిలింది.

దృక్పథం అన్న మాట అరిగినంతగా మన విమర్శలో మరో మాట అరగలేదు. దాన్ని పీఠికలో వెతుకుతాం, సభలో చేసిన ఉపన్యాసంలో వెతుకుతాం, రచయిత ఏ సంఘంలో సభ్యుడో చూసి తేల్చేస్తాం. విద్యార్థులూ మన దగ్గర అదే నేర్చుకుంటున్నారు. పరీక్ష కాగితంలో 'ఈ కవిది అభ్యుదయ దృక్పథం' అని ఒక వాక్యం రాసి, దాని కింద కథాసంగ్రహం నింపుతారు. ఆ దృక్పథం ఏ వాక్యాన్ని ఎటు వంచిందో చూపించమంటే కలం ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు. అది చూపించాలంటే రచయిత చేతికి వచ్చిన ముడిసరుకూ, దాన్ని అతను చేసిన వస్తువూ రెండూ మన ఎదుట ఉండాలి. చాలామంది రచయితల విషయంలో ఆ ముడిసరుకు మనకు దొరకదు. సువార్తల విషయంలో దొరుకుతుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ అవి సాహిత్య పాఠంగా పనికొచ్చేది అందుకే.

కొంత పూర్వరంగం చెప్పుకోవాలి. సువార్తలు నాలుగూ గ్రీకులో రాసినవి. రాసినవాళ్లు పుస్తకంలో తమ పేర్లు చెప్పుకోలేదు. మత్తయి, మార్కు, లూకా, యోహాను అన్న పేర్లు రెండో శతాబ్దపు సంప్రదాయం పెట్టినవి. అచ్చులో మత్తయి ముందున్నా రాతలో మార్కే ముందని ఎక్కువమంది పండితుల నిర్ణయం. రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టిన క్రీ.శ. 70 ప్రాంతంలో మార్కు రాశాడు. మరో పది ఇరవై ఏళ్లకు మత్తయి, లూకా రాశారు. యోహాను మొదటి శతాబ్దం చివర. యేసును శిలువ వేసింది 30 ప్రాంతంలో గనుక సంఘటనకూ మొదటి పుస్తకానికీ మధ్య ఒక తరం దాటింది.

మార్కులో ఉన్న 660 చిల్లర వచనాల్లో 600 దాకా ఏదో ఒక రూపంలో మత్తయిలో ఉన్నాయి. లూకాలో సగానికి పైగా ఉన్నాయి. కథలు కలవడం వింత కాదు, ఒకరి నోట ఒకరు విని ఉండవచ్చు. కాని మాటలూ, ఘట్టాల వరసా కలుస్తున్నాయి. ఒక్క ఉదాహరణ చాలు. మార్కు 13వ అధ్యాయంలో యేసు మాట్లాడుతుండగా మధ్యలో రచయిత తలదూర్చి, చదువుతున్నవాళ్లు ఇది జాగ్రత్తగా గ్రహించాలని ఒక హెచ్చరిక చేస్తాడు. అదే హెచ్చరిక అదే చోట మత్తయి 24లోనూ ఉంది. నోటిమాటగా చెప్పేవాడు 'చదివేవాళ్లారా' అనడు గదా! ఒకరి పుస్తకం మరొకరి బల్ల మీద తెరిచి ఉందన్నమాట.

ఒకే కథను పదిమంది చెప్పడం మనకు కొత్త కాదు. వాల్మీకి నుంచి రంగనాథ రామాయణం, మొల్ల మీదుగా 1970లలో రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' దాకా చూశాం. అయితే అక్కడ రచయితల మధ్య శతాబ్దాల దూరం ఉంది, భాషల దూరం ఉంది. కనిపించే తేడా కాలానిదా, కవిదా అని తేల్చడం కష్టం. ఇక్కడ ఇద్దరు మనుషులు ఒకే భాషలో, దాదాపు ఒకే కాలంలో, ఒకే పుస్తకాన్ని ముందు పెట్టుకుని రాశారు. కలం ఎక్కడ తటపటాయించిందో, ఏది కొట్టేసిందో వేలుపెట్టి చూపవచ్చు.

ఈ పాఠం ఎత్తుకోగానే తరగతి రెండుగా చీలుతుంది. ఒక వర్గం అన్నిటినీ కలిపేస్తుంది. 'నలుగురూ చూసినదాంట్లో తలా కొంత చెప్పారు, కలిపి చదివితే పూర్తవుతుంది' అంటారు. ఇది చాలా పాత కోరిక. 170 ప్రాంతంలో తతియాను అనే సిరియా పండితుడు నాలుగు సువార్తల్నీ కత్తిరించి అతికి ఒకే కథగా కూర్చాడు. 'దియతెస్సరోన్' అని దాని పేరు. సిరియా సంఘాల్లో తరతరాలు దాన్నే చదివారు. అయిదో శతాబ్దంలో థియొడొరెట్ అనే బిషప్పు తన పరిధిలో రెండు వందలకు పైగా ప్రతుల్ని ఏరి తీసివేయించి, వాటి చోట నాలుగు వేర్వేరు సువార్తలు పెట్టించాడు. ఆయన ఉద్దేశం సాహిత్యపరమైంది కాదు లెండి, తతియాను మతభ్రష్టుడన్నది ఆయన కోపం. ఏమైతేనేం, నాలుగు గొంతులు బతికాయి.

రెండో వర్గం మనవాళ్లు, హేతువాదులు. ఒకచోట ఒకలాగా, మరోచోట మరోలాగా ఉంది గనుక రెండూ అబద్ధమే అని చప్పట్లు కొడతారు. నేనూ ఒకప్పుడు కొట్టినవాణ్ణే. పోలీసు విచారణకు ఆ పద్ధతి సరిపోతుంది. సాక్షుల వాంగ్మూలాలు కలవకపోతే కేసు వీగిపోతుంది. సాహిత్యంలో మాత్రం వాంగ్మూలాలు కలవని చోటనే విమర్శకుడి పని మొదలవుతుంది. 1835లో డేవిడ్ స్ట్రాస్ యేసు జీవితం మీద తన గ్రంథం అచ్చువేసి ట్యూబింగెన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1842లో బ్రూనో బావర్‌కు బాన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అనుమతి రద్దయింది. మార్క్స్‌కు ఒకనాటి మిత్రుడైన ఈ బావర్ మీదే ఎంగెల్స్ 1882లో వ్యాసం రాశాడు. 1894లో తొలినాటి క్రైస్తవం చరిత్రను మళ్లీ ఎత్తుకుని, దాన్ని బానిసల, పేదల, రోమ్ తొక్కేసిన జాతుల ఉద్యమంగా చూసి కార్మికోద్యమంతో పోల్చాడు. అబద్ధమని తోసిపారేసి ఊరుకున్నవాళ్లలో ఆయన లేడు. మన విద్యార్థి అక్కడే ఆగిపోతే అది మన పాఠం లోపం.

పద్ధతి సులభమైనదే. 1770లలో గ్రీస్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు మొదటి మూడు సువార్తల్నీ పక్కపక్క గళ్లలో అచ్చువేశాడు. అంతకుముందు వరకు ఒకదాని తర్వాత ఒకటి చదివే పుస్తకాలు పక్కపక్కన నిలబడేసరికి చదవడమే మారిపోయింది. మనకు బ్లాక్‌బోర్డు చాలు. దాన్ని నాలుగు గళ్లు చేసి ఒక్క ఘట్టాన్ని నాలుగు చోట్ల రాయించాలి. ముగ్గురిలోనూ ఉన్న మాట కింద ఎర్రగీత, ఇద్దరిలో ఉన్నదాని కింద నీలిగీత. గీత పడని మాటలు బోర్డు మీద వాటంతటవే కనబడతాయి. ఉపాధ్యాయుడు అప్పుడు నోరు విప్పితే చాలు, అంతవరకు విప్పకపోవడమే మేలు.

తెలుగు బైబిలు ఈ పనికి చాలావరకు సరిపోతుంది. ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. గ్రీకు సర్వనామానికి గౌరవవాచకం లేదు. యేసుకైనా, పిలాతుకైనా, పక్కన వేలాడుతున్న దొంగకైనా ఒకటే మాట. తెలుగులోకి రాగానే ఎవరు 'ఆయన', ఎవరు 'అతడు', ఎవరు 'వాడు' అన్నది అనువాదకుడు నిర్ణయించక తప్పదు. మన బైబిల్లో యేసు ఎప్పుడూ 'ఆయన'. సైనికులు రెల్లుతో తలమీద కొట్టి ఉమ్మేసేటప్పుడు కూడా కథకుడి నోట 'ఆయన' మారదు. దిక్కులేని మనిషిని పట్టుకుని ఆడించినట్టు మార్కు రాసిన ఆ ఘట్టం మొరటుదనం తెలుగులో కొంత తగ్గిపోతుంది. ఈ వ్యాసంలో నేను యేసు 'అన్నాడు' అని రాయడం కూడా ఒక పక్షం తీసుకోవడమే. మన భాషలో క్రియ ముగించాలంటేనే దృక్పథం కావాలని విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

చిన్న వాక్యంతో మొదలుపెడదాం. మార్కు 15లో సైనికులు పల్లె నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోను అనే దారినపోయేవాణ్ణి పట్టుకుని శిలువ మోయిస్తారు. గ్రీకులో వాడిన క్రియ సర్కారు మనుషులు వెట్టికి పట్టడాన్ని చెప్పేది. ఇతను అలెక్సంద్రుకూ రూఫుకూ తండ్రి అని మార్కు చేరుస్తాడు. ఆ ఇద్దరూ అతని పుస్తకంలో ఇంకెక్కడా కనిపించరు, ఏ పనీ చేయరు. మరి వాళ్ల పేర్లెందుకు? తన పాఠకులు వాళ్లను ఎరుగుదురు గనుక. 'ఫలానావాళ్ల నాన్న' అంటే చాలు, వినేవాళ్లు తల ఊపుతారు. మత్తయి, లూకా సీమోనును ఉంచి కొడుకుల పేర్లు తీసేశారు. వాళ్ల పాఠకులకు ఆ పేర్లు తెలియవు. యోహాను దగ్గరికి వచ్చేసరికి సీమోనే లేడు. యేసు తన శిలువను తానే మోసుకుపోతాడు. మొదట తీసేసిన మాట పాఠకులు మారారని చెబుతోంది. రెండోసారి తీసేసింది నాయకుడి గురించిన భావనే మారిందని చెబుతోంది. రెండూ తీసివేతలే, ఒకే రకానివి కావు. ఈ తేడా పట్టుకోగలిగిన విద్యార్థికి సగం విమర్శ వచ్చినట్టే.

ఇక శిలువ మీది మాటలు. మార్కులో యేసు ఒక్క మాటే అంటాడు, అదీ అరమేయిక్ భాషలో. దేవుడా నన్ను ఎందుకు వదిలేశావన్న ఆక్రోశం అది, 22వ కీర్తన మొదటి పాదం. తర్వాత ఒక పెద్ద కేక, మరణం. మత్తయి దాన్ని అలాగే ఉంచాడు. లూకా తీసేశాడు. మార్కు పుస్తకం ముందున్నా ఆ కేక తన నాయకుడి నోట రానివ్వలేదు. దాని చోట మూడు మాటలు పెట్టాడు. చంపుతున్నవాళ్లను క్షమించమనడం, పక్కనున్న నేరస్థుడికి పరదైసు మాట ఇవ్వడం, ప్రాణాన్ని తండ్రి చేతికి అప్పగించడం. (వీటిలో క్షమాపణ మాట కొన్ని పాత రాతప్రతుల్లో లేదు. అది లూకా రాసిందా, తర్వాత చేరిందా అన్న వాదం ఉంది.) యోహానులో తల్లిని శిష్యుడికి అప్పజెప్పడం, దాహం, పని పూర్తయిందన్న మాట ఉన్నాయి. అక్కడ యేసు చివరి క్షణం దాకా అన్నీ తన చేతిలో ఉంచుకున్న మనిషి.

ముగ్గురు రచయితలు, మూడు మరణాలు. మార్కుది అందరూ వదిలేసిన మనిషి చావు. శిష్యులు పారిపోయారు, పక్కన వేలాడుతున్న ఇద్దరూ తిట్టారు, పైవాడూ పలకలేదు. దేవాలయం కూలి, ఊళ్లకు ఊళ్లు శిలువల పాలైన యుద్ధకాలపు పుస్తకం అది. తమనెవరూ ఆదుకోవడం లేదనుకుంటున్న జనానికి 'ఆయన్నీ ఆదుకోలేదు' అని చెప్పడం ఒక రకమైన తోడు. లూకా రాసేనాటికి పరిస్థితి వేరు. ఉద్యమం నిలదొక్కుకుని ఊరూరా పాకుతోంది. అతనికి ఎలా చావాలో చూపే మాదిరి కావాలి. శతాధిపతి మాట కూడా చూడండి. చచ్చిపోయినవాణ్ణి చూసి మార్కు శతాధిపతి ఇతను దేవుని కుమారుడంటాడు. లూకా శతాధిపతి ఇతను నీతిమంతుడంటాడు. ఆ గ్రీకు మాటకు నిర్దోషి అన్న అర్థమూ ఉంది. రోమన్ అధికారి నోట లూకాకు కావలసింది నిర్దోషి అన్న తీర్పు.

ఇక్కడ లూకాను వదలకుండా కొంచెం నిలదీయాలి. ఎందుకంటే మన పాఠకులకు నలుగురిలో నచ్చేవాడు లూకాయే. పేదలు ధన్యులని లూకా 6లో ఉంటే, మత్తయి 5లో ఆత్మలో పేదలైనవాళ్లు ధన్యులు. లూకాలో ఇప్పుడు ఆకలిగొన్నవాళ్లు, మత్తయిలో నీతి కోసం ఆకలిగొన్నవాళ్లు. లూకాలో ధనవంతులకూ కడుపు నిండినవాళ్లకూ శాపాలు కూడా ఉన్నాయి, మత్తయిలో లేవు. మత్తయి ఈ ప్రసంగాన్ని కొండ ఎక్కించాడు, లూకా చదునునేల మీదికి దింపాడు. ఈ ప్రసంగం మార్కులో లేదు. ఇద్దరికీ అందిన మరో సేకరణ ఏదో ఉండాలని పండితుల ఊహ. అది మన చేతిలో లేదు గనుక, మత్తయి కలిపాడా లూకా తీసేశాడా అన్నది సీమోను విషయంలో అన్నంత ధైర్యంగా చెప్పకూడదు. పొట్టిగా, మొరటుగా ఉన్న లూకా పాఠమే పాతదని ఎక్కువమంది అభిప్రాయం. ఏమైనా, గద్దెలెక్కినవాళ్లను కిందికి లాగి ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపే మరియ పాటా, వాకిట్లో లాజరు పడి ఉండగా విందులు చేసుకున్న ధనికుడి కథా, సగం ఆస్తి పేదలకిచ్చేసిన జక్కయ్యా లూకాలో తప్ప మరెక్కడా లేరు.

ఇంతవరకు చదివి విద్యార్థి 'లూకా పీడితవర్గ రచయిత' అని రాసుకుంటాడు. అప్పుడు మొదటి పేజీ తిప్పించాలి. లూకా తన పుస్తకాన్ని థెయొఫిలు అనే ఒక పెద్దమనిషికి అంకితం చేశాడు. అతన్ని సంబోధించిన గౌరవపదమే, లూకాదిగానే చెప్పే అపొస్తలుల కార్యాల్లో రోమన్ గవర్నరు ఫేలిక్సుకు వాడినది. ధనవంతులకు శాపాలున్న పుస్తకాన్ని ఒక శ్రీమంతుడి చేతిలో పెట్టాడన్నమాట! ఇంకా చూడండి. ఈ మనిషిలో నేరం లేదని లూకా 23లో పిలాతు చేత మూడుసార్లు చెప్పించాడు. యూదు రచయితలు ఫిలో, జోసెఫస్ వర్ణించిన పిలాతు కర్కోటకుడు. లూకా పిలాతు మనసున్నవాడే, జనం ఒత్తిడికి లొంగిపోయాడంతే. పేదవాడి పక్షాన అంత స్పష్టంగా నిలబడిన కలం సామ్రాజ్యం దగ్గరికి వచ్చేసరికి మెత్తబడింది. అపొస్తలుల కార్యాల్లో ఆస్తిని ఉమ్మడిగా పంచుకున్న సంఘాన్ని చూపినవాడే, ఆ సంఘం రోమ్‌కు ప్రమాదం కాదని అడుగడుగునా హామీ ఇచ్చాడు.

దీన్ని అవకాశవాదం అని తేల్చేయవచ్చు. నాకు అంత తొందర లేదు. నిఘా కింద బతికే ఒక చిన్న సమూహం కోసం రాస్తున్నవాడు ఎంతవరకు చెప్పగలడు, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్న బాధ రచయితలుగా మనకు తెలియనిది కాదు. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో బాల్జాక్ సంగతి ఎత్తాడు. రాజరికాన్ని అభిమానించిన బాల్జాక్ చేత అతని వాస్తవికతే ఆ అభిమానానికి విరుద్ధంగా రాయించిందన్నాడు. మన విమర్శకులు ఆ ఉత్తరాన్ని వందసార్లు ప్రస్తావించారు. దాని రెండో వైపును మాత్రం తక్కువగా చూశారు. పేదల పక్షాన ఉన్న రచయిత కలమూ ఒక్కోసారి అతని పక్షానికి ఎదురు రాస్తుంది. లూకాలో రెండు వైపులూ ఒకే పుస్తకంలో దొరుకుతాయి.

ఈ మెత్తదనం కేవలం శిల్ప విషయం అనుకుంటే మత్తయి 27 చదవాలి. పిలాతు నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కునేది మత్తయిలోనే. అప్పుడు జనమంతా ఆ రక్తదోషం తమ మీదా తమ పిల్లల మీదా ఉండనివ్వమని అరిచేది కూడా మత్తయిలోనే. మిగిలిన ముగ్గురిలో ఆ అరుపు లేదు. మత్తయి రచయిత యూదుడేనని చాలామంది పండితులు భావిస్తారు. దేవాలయం కూలిపోయిన తర్వాత, ఇక యూదుజాతికి దారి చూపేదెవరని పరిసయ్యుల వారసులతో అతని సమూహం పెనుగులాడుతోంది. అది ఇంటి తగాదా. ఇంటి తగాదాలో నోరు జారినట్టే అతని కలం జారింది. కాని నాలుగో శతాబ్దంలో రోమ్ చక్రవర్తులే క్రైస్తవులయ్యాక ఆ వాక్యాన్ని చదివేవాళ్ల చేతిలో కత్తి ఉంది. వాక్యం అక్షరం మారలేదు, చదివేవాళ్ల బలం మారింది. యూరప్‌లో యూదుల మీద జరిగిన ఊచకోతల వెనుక ఆ ఒక్క వాక్యం పడుతూ వచ్చిన నీడ చాలా పొడుగైనది.

బవేరియాలోని ఒబరామర్‌గావ్ గ్రామంలో 1634 నుంచి, మామూలుగా పదేళ్లకొకసారి, యేసు శ్రమల నాటకం ఆడుతున్నారు. 1934లో మూడు వందల ఏళ్ల ఉత్సవ ప్రదర్శనకు హిట్లర్ వచ్చి చూసి మెచ్చుకున్నాడు. యేసు మరణానికి నాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని కాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభలో ప్రకటించింది 1965 అక్టోబరు 28న. ఆ నాటకంలోంచి మత్తయి అరుపు తీసేసింది 2000 ప్రదర్శనలో. నలుగురు రచయితల్లో ఒక్కడే ఈ మాట ఎందుకు రాశాడని చదువుకున్నవాళ్లు అడగడానికీ, వేదిక మీద ఆ మాట ఆగిపోవడానికీ మధ్య ఎంత కాలం, ఎంత నెత్తురు! సువార్తల్ని గళ్లు గీసి చదవడం పండితుల కాలక్షేపం అనుకునేవాళ్లకు తరగతిలో నేను చెప్పే జవాబు ఇది.

ప్రతి తేడా దృక్పథమే అనుకునే జబ్బు కూడా ఒకటుంది. ఒకసారి రుచి తెలిసిన విద్యార్థులు దీని బారిన పడతారు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కథ ఉంది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టినా జబ్బు ఇంకా ముదిరిందని మార్కు 5 అంటుంది. లూకా 8లో ఆ ముదరడం లేదు, నయం కాలేదని మాత్రమే ఉంది. లూకా వైద్యుడని సంప్రదాయం. ఇంకేం, డాక్టరు తన వృత్తివాళ్లను కాపాడుకున్నాడని తరగతి గొల్లున నవ్వుతుంది. వర్గస్వభావం బయటపడిందని ఒకరు, వృత్తిస్వార్థమని ఒకరు. నవ్వులయ్యాక మత్తయి 9 రాయించాలి. అక్కడ వైద్యుల ప్రసక్తే లేదు, పూర్తిగా ఎగిరిపోయింది. మత్తయి కూడా డాక్టరేనా? అతను మార్కు అద్భుత కథలన్నిటినీ కత్తిరించినట్టే దీన్నీ కత్తిరించాడు. లూకా వాడిన వైద్యపు మాటలు ఆనాటి చదువుకున్న ఏ గ్రీకు రచయితైనా వాడేవేనని కాడ్‌బరీ అనే అమెరికన్ పండితుడు 1920 నాటికే చూపించాడు. రచయిత జీవితం నుంచి వాక్యానికి దూకడం ఎంత సులువో అంత ప్రమాదం. ఒక తేడా దృక్పథం అనిపించుకోవాలంటే అది మరో నాలుగు చోట్ల అదే దిక్కున కనబడాలి. లూకా రోమన్ అధికారుల పట్ల చూపే మెత్తదనం అలా కనబడుతుంది. వైద్యుల మాట కనబడదు.

తరగతిలో నమ్మేవాళ్లుంటారు. వాళ్లను గాయపరచడం ఈ పాఠం ఉద్దేశం కాదు, పాఠం పేరుతో ఆ సరదా తీర్చుకునే అధ్యాపకులు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒక ఏడు పాఠం అయిపోయాక ఒక కుర్రవాడు నా బల్ల దగ్గరకు వచ్చి, 'మా అమ్మకు ఇవి నాలుగు కావు సార్, ఒకటే' అన్నాడు. వాళ్లది ఊరి చివరి పేట. వాళ్లమ్మకు చదువు రాదు. ఆవిడ బైబిలు అంతా ఆదివారాలు చెవిన పడిందే. నేను వాదించలేదు. మన చర్చిల్లో గుడ్ ఫ్రైడే రోజున శిలువ మీది ఏడు మాటల మీద ప్రసంగాలు చెబుతారు గదా, ఆ ఏడూ ఎక్కడెక్కడివో చూడమన్నాను. ఏ ఒక్క సువార్తలోనూ ఏడు లేవు. మార్కు, మత్తయి ఇద్దరిదీ కలిపి ఒకటి, లూకావి మూడు, యోహానువి మూడు. ఆ ఏడింటిలో మీ అమ్మకు ఏది గుర్తుందో అడిగి రమ్మన్నాను.

పై వారం వచ్చి చెప్పాడు. దాహం. అది యోహాను ఒక్కడే రాసిన మాట. లేఖనం నెరవేరడానికే యేసు ఆ మాట అన్నాడని యోహాను తన కారణం కూడా పక్కనే రాశాడు. ఆ కారణం ఆవిడకు గుర్తు లేదు, దాహమే గుర్తుంది. ఎందుకో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పేటకు మంచినీళ్లు ఎక్కడినుంచి వచ్చేవో నాకు తెలుసు. రచయిత దృక్పథం గురించి అంతసేపు పాఠం చెప్పిన నేను వినేవాళ్ల దృక్పథానికి బోర్డు మీద గడి గీయలేదని అప్పుడు తట్టింది. నికరాగ్వాలో ఎర్నెస్టో కార్దెనాల్ అనే కవి, మతాచార్యుడు సొలెంతినామె దీవుల్లో రైతుల్నీ జాలరుల్నీ కూర్చోబెట్టి సువార్త మీద వాళ్లు మాట్లాడుకున్నదంతా 1970లలో పుస్తకంగా తెచ్చాడు. 1977లో సొమోజా సైనికులు ఆ కేంద్రాన్ని ధ్వంసం చేశారు. పాలకులకు ఏ పుస్తకం ప్రమాదమో, దాన్ని ఎవరు చదివితే ప్రమాదమో బాగానే తెలుసు.

అప్పటినుంచి బోర్డు మీద ఐదో గడి గీస్తున్నాను. ఒక్కోసారి దాంట్లో జాషువా 'క్రీస్తు చరిత్ర'లోని అదే ఘట్టాన్ని పెడతాం. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందన్న సంగతి తెలిసినవాళ్లలో కూడా దాన్ని సువార్తల పక్కన పెట్టి చదివినవాళ్లు అరుదు. ఒక్కోసారి ఆ గడి విద్యార్థుల ఇళ్లలో విన్న మాటలకు వదిలేస్తాం.

చివరి తరగతికి నేను ఉంచుకునేది మార్కు ముగింపు. నాలుగో శతాబ్దపు రెండు గొప్ప రాతప్రతులు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, రెండింటిలోనూ మార్కు పుస్తకం 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి వణికిపోతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే. యేసు తిరిగి కనబడడు. మన బైబిల్లో ఆ తర్వాత వచ్చే పన్నెండు వచనాలు ఎవరో తర్వాత చేర్చినవి. ముందు ఆ ఎనిమిది వచనాలే ఇచ్చి, ఇది పూర్తయిన పుస్తకమా, చివరి ఆకు పోయిందా, రచయిత కావాలనే ఆపాడా అని ఒక పేజీ రాయమంటాను. రాశాక మత్తయి 28, లూకా 24 ఇస్తాను. మార్కును చేతిలో పెట్టుకున్న ఇద్దరూ ఆ మౌనాన్ని అలా ఉండనివ్వలేదు. మత్తయిలో ఆ ఆడవాళ్లు భయంతోనూ సంతోషంతోనూ శిష్యులకు చెప్పడానికి పరుగెత్తారు. లూకాలో వెళ్లి చెప్పారు, మగవాళ్లు వాళ్లవి వెర్రిమాటలనుకుని నమ్మలేదు. ఆ తర్వాత పిల్లలు తమ పేజీ మళ్లీ తీసుకుని దిద్దుకుంటారు. కొట్టేసిన వాక్యాలు కనబడేలా దిద్దమంటాను.